లక్షవ అంశం

ఆ ఉదయం పెట్టెలాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అద్దం ముందు ఉపన్యాసం మూడోసారి అప్పజెప్పుకుంటున్నాడు. విశ్వవిద్యాలయంలో ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. అక్కడి డిజిటల్ భాండాగారాన్ని ఇరవై ఏళ్ళుగా కంటికి రెప్పలా పెంచింది ఆయనే. పాత పటాలు, ఎండిన పువ్వులు అతికించిన అట్టలు, గ్రహణాల బొమ్మలు, అరిగిన టేపుల్లో గొంతులు, ఎవరో ఎవరికో రాసి పోస్టు చెయ్యని ఉత్తరాలు, అన్నీ పెట్టెల్లో వచ్చి కంప్యూటర్లోకి చేరేవి. మధ్యాహ్నం ఉపకులపతి లక్షవ అంశాన్ని ఆవిష్కరిస్తారు. దానికోసం నూరేళ్ళనాటి నగర పటాన్ని ఏరికోరి పక్కన పెట్టుకున్నాడు.

బయల్దేరుతుంటే భార్య ఒక నోటుపుస్తకం చేతికిచ్చింది.

"ఇంట్లో చెప్తే మీకు వినపడదు. ఆఫీసులో కాగితం కనపడితే మాత్రం వదలరు కదా. అక్కడైనా చదవండి."

ఏడేళ్ళుగా తను చెప్పినవీ, ఆయన ఇచ్చిన జవాబులూ తేదీలతో సహా అందులో రాసిపెట్టిందావిడ. సభకు తనూ వస్తానంది.

ఆఫీసుకు రాగానే సభామందిరంలో మైకు మొరాయించిందని కబురొచ్చింది. పెట్టెలాయన చేతిలోని పుస్తకాన్ని నగర పటం ఉన్న పెట్టెలో పైన పడేసి పరుగెత్తాడు.

పన్నెండేళ్ళుగా స్కానరు దగ్గర పనిచేస్తున్న సహోద్యోగిని వచ్చి ఆ పెట్టె తెరిచింది. ఎదురుగా గోడమీద పెట్టెలాయన స్వయంగా రాసి అంటించిన నియమాలున్నాయి. పెట్టెలో ఉన్న ఏ కాగితాన్నీ వదలకూడదు. వరస మార్చకూడదు. ఒకసారి ఎక్కించినదాన్ని, ఇచ్చినవాళ్ళు సంతకం చేసి అడిగితే తప్ప తీసెయ్యకూడదు. ఆవిడ తుచ తప్పకుండా పాటించింది. అప్పటికి లక్షకు ఒకటే తక్కువ. పైన ఉన్నది నోటుపుస్తకం.

సభలో ఉపకులపతి మీట నొక్కగానే గోడంత తెరమీద గుండ్రటి చేతిరాత వెలిగింది. 'కుళాయి కారుతోందని ఆయనకి చెప్పాను. రేపు చూద్దామన్నారు.' కింద మర్నాటి తేదీ. 'ఆ రేపు వచ్చిందని చెప్పాను. ఆదివారం అన్నారు.' ఆ కింద ఆదివారం కూడా ఉంది. పేజీలు తిరిగేకొద్దీ అదే కుళాయి, ఏడేళ్ళ తేదీలు.

పెట్టెలాయన ఆ చేతిరాత గుర్తుపట్టాడు. ముందు వరసలో భార్య కళ్ళార్పకుండా చూస్తోంది. సహోద్యోగిని దగ్గరికి వంగి, వెంటనే తీసెయ్యమని బతిమాలాడు. ఆవిడ నొచ్చుకుంటూనే చెప్పింది. "ఇచ్చినవాళ్ళ సంతకం కావాలి కదండీ. మీరే రాశారు."

ఈలోగా చరిత్ర ప్రొఫెసరు లేచి నిలబడ్డాడు. వంటింటి రోజువారీ బతుకు ఇంత వివరంగా దొరకడం అరుదన్నాడు. ఒక్క అనుమానం మాత్రం వెలిబుచ్చాడు.

"ఈ 'ఆయన' నిజమైన మనిషి కాడు. ఏడేళ్ళపాటు ఒక్క వాషరు మార్చని మొగుడు ఎక్కడా ఉండడు. రాసినావిడ కల్పించిన పాత్ర అయ్యుండాలి."

సభంతా చప్పట్లు. గొప్పవాళ్ళ కాగితాలే కాక ఇలాంటివీ దాచినందుకు ఉపకులపతి పెట్టెలాయన భుజం తట్టాడు. నోరు మూసుకుంటే పరువు దక్కేది. కానీ తెర అడుగున సహోద్యోగిని రాసిన వివరం ఆయన కంట పడింది: రచయిత్రి, తెలియదు. ఆ మాట ఎక్కడ కనపడినా పేరు దొరికేదాకా నిద్రపోని మనిషి ఆయన. ఇరవై ఏళ్ళ అలవాటు ఊరుకోనివ్వలేదు. మైకు అందుకున్నాడు.

"కల్పన కాదండీ. ఆ 'ఆయన' నేనే. రాసింది మా ఆవిడ."

హాలు గొల్లుమంది. ప్రొఫెసరు మాత్రం ఇంకా నమ్మనట్టే చూశాడు. భార్య లేచి నిలబడింది.

"లక్ష కాగితాలు దాచారు. నాది దాచడం ఇదే మొదలు," అంది. తల ఎత్తే ఉంది. ఆవిణ్ణి చూసి పెట్టెలాయనకు సిగ్గుకన్నా గర్వమే ఎక్కువగా పొంగింది.

అయినా ఇంటికి రాగానే ఆశ చావక, తొలగింపు పత్రమూ కలమూ ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ రెండూ పక్కకు జరిపింది.

"తీయించను. బీరువాలో ఇంకో నాలుగు పుస్తకాలున్నాయి."

పెట్టెలాయన చొక్కా చేతులు పైకి మడిచి, పట్టకారు పట్టుకుని వంటింట్లోకి నడిచాడు.

మర్నాడు భాండాగారంలో, నగర పటం వెనకాలే, లక్షా రెండో అంశం చేరింది. అరిగిపోయిన రబ్బరు వాషరు, ఒకటి. రెండువైపులా స్కాన్ చేశారు. ఇచ్చినవారు: 'ఆయన'.