పథ్యం పుస్తకంలో లేనివి

ఆ ఉదయం డ్రైవరు పెట్టుకున్న పని ఒక్కటే. డాక్టరుకు తిండి పుస్తకం చూపించి, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాయించుకుని, పదింటికల్లా డిపోలో ఇవ్వాలి. అది ఉంటేనే సోమవారం నుంచి నాన్‌స్టాప్ బస్సు అతనిది. లేకపోతే షెడ్డులో బస్సులు కడగాలి. కిందటి నెల కడుపునొప్పితో మూడుసార్లు దారిలో బస్సు ఆపేశాడని డిపో మేనేజరు పట్టుబట్టి కూర్చున్నాడు.

అతనికున్నది ఐబీఎస్. పేగుల్లో పుండూ లేదు, వాపూ లేదు. కొన్ని పదార్థాలు మాత్రం వాటికి గిట్టవు. ఏవి గిట్టవో తేలాలంటే రెండు వారాలపాటు తిన్న ప్రతిదీ, వచ్చిన ప్రతి నొప్పీ రాయమన్నాడు డాక్టరు. రాసిన పుస్తకం పట్టుకుని తల్లీ, భార్యా కూడా వెంట వచ్చారు.

డాక్టరు నాలుగు పేజీలు తిప్పి కళ్లజోడు తీసేశాడు.

"రెండు వారాలూ అన్నం, ఉడకబెట్టిన క్యారెట్, నీళ్లేనా?"

"అంతేనండి," అంది భార్య.

"మరి రోజూ నొప్పి, ఉబ్బరం అని ఉందే?"

"అదేగా నాయనా మా బాధ," అంది తల్లి.

డాక్టరు మొహం మారిపోయింది. "ఇంత పథ్యం మీద కూడా ఇలా ఉందంటే ఇది నేననుకున్న జబ్బు కాదు. ఇవాళే చేర్చుకుంటాను. గొట్టం వేసి లోపల చూడాలి. సర్టిఫికెట్ సంగతి ఇక మర్చిపోండి."

నర్సు చక్రాల కుర్చీ తెచ్చింది. డ్రైవరు గోడవైపు జరిగాడు. తల్లి కుర్చీకి అడ్డం వచ్చింది.

"ఆగు తల్లీ. రోజూ పడుకోబోయే ముందు వాడికి పెద్ద గ్లాసుడు పాలిస్తున్నాను. మీగడతో. కోడలు వద్దంటుందని రాయించలేదు."

"పాలా?" భార్య నిర్ఘాంతపోయింది. "పాలు పడవేమోనని నేను కాఫీ కూడా మాన్పించాను కదత్తయ్యా."

"మరి నీ కూరల్లో ఉల్లిపాయల మాటేమిటమ్మా?" అంది తల్లి.

భార్య డాక్టరు ముందు తల దించుకుంది. "రోజుకు నాలుగండి. వెల్లుల్లి వేరే. నా వంట వల్లే నొప్పని పుస్తకంలో పడుతుందేమోనని..."

డాక్టరు డ్రైవరు వైపు తిరిగాడు. నర్సు కుర్చీని ఇంకో అడుగు ముందుకు తోసింది.

"పొద్దున ఏమీ తిననండి," అన్నాడు డ్రైవరు. "మధ్యాహ్నం డిపో క్యాంటీన్‌లో నూనె కారే వేపుడు రెండు ప్లేట్లు. టీలు ఏడు. మొన్న ఎనిమిది. వీళ్లిద్దరూ కోప్పడతారని..."

ముగ్గురూ రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్లే. రాయకపోవడం అబద్ధమవుతుందా అని మాత్రం ఆ రెండు వారాల్లో ఒక్కరూ ఆయన్ని అడగలేదు.

"కుర్చీ తీసుకెళ్లమ్మా," అన్నాడు డాక్టరు నర్సుతో. "ఈ తిండికి నా పేగులైనా గొడవ చేస్తాయి. చూడు బాబూ, పాలు, ఉల్లి, వెల్లుల్లి, వేపుడు కొన్నాళ్లు ఆపు. టీలు రెండే. వేళకు కొంచెం కొంచెంగా తిను. తగ్గాక ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టి చూద్దాం. రెండు వారాలు ముగ్గురూ ఒకరి కళ్లముందు ఒకరు రాయండి. సంతకం ఆ తర్వాతే."

రెండు వారాలు అతను షెడ్డులో బస్సులు కడిగాడు. నొప్పి చాలావరకు సర్దుకుంది, సంతకమూ పడింది. నాన్‌స్టాప్ ఎక్కిన మొదటి రోజున, ఎక్కడ ఆపుతాడో తన కళ్లతో చూడాలని డిపో మేనేజరు క్యాంటీన్‌లో కడుపునిండా తిని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

బస్సు దారిలో ఒక్కసారే ఆగింది, అదీ మేనేజరు గారు బతిమాలిన మీదట.