లాగని తాళం

మీటర్ రీడర్‌గారు ఆ ఉదయం చేయదలచుకున్న పని చాలా చిన్నది. ఇంటికి తాళం వేసి, దాన్ని లాగి చూడకుండా ఆఫీసుకు వెళ్లిపోవాలి. అంతే.

పదకొండేళ్లుగా ఆయన తాళాన్ని మూడుసార్లు లాగనిదే మెట్లు దిగలేదు. మొదటి లాగుకు జేబులో తాళంచెవి తడుముకుంటాడు, రెండో లాగుకు గుర్తింపు కార్డు, మూడో లాగుకు ఫోను. భార్య ముద్దుగా పెట్టిన 'మూడుసార్లాయన' అన్న పేరు మెట్లు దిగి, వీధి చివర కూరగాయల బండిదాకా పాకింది. ఆ పొద్దున బడికి పాఠాలు చెప్పడానికి బయల్దేరుతూ ఆవిడ, "మీ అలవాట్లు తీసేస్తే మీలో మిగిలేది చొక్కా, ప్యాంటే!" అంది.

ఆయనకు ఒళ్లు మండింది. "ఇవాళ లాగను. లాగకుండా వెళ్తే ఆ పేరు మళ్లీ ఎత్తకూడదు!"

"ఎత్తను. ముందు మెట్లు దిగండి, చూద్దాం!"

ఆవిడ వెళ్లాక ఆయన తాళం నొక్కాడు. టక్కుమంది. చేతులు వెనక్కి కట్టుకుని మెట్లు దిగాడు. ఎదురింట్లో రిటైరైన నర్సమ్మగారు రోజూ మూడో లాగు వినగానే బీపీ మాత్ర వేసుకుంటారు. మాత్ర అరచేతిలో ఉంది, లాగు మాత్రం వినబడలేదు. ఎవరో దిగిపోతున్న అడుగుల చప్పుడు వినబడింది.

"దొంగ! దొంగ!" అని అరుస్తూ నర్సమ్మగారు వెంటపడి దిగింది.

నిన్ననే చేరిన వాచ్‌మన్ గేటు మూసి ఆయన కాలర్ పట్టుకున్నాడు.

"నేనండీ పిన్నిగారూ, ఎదురింటివాణ్ణి!"

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని ఎగాదిగా చూసింది. "మొహం ఆయనదే, గొంతూ ఆయనదే. కానీ ఆయన తాళం లాగకుండా దిగడే!"

"కార్డు చూపించు," అన్నాడు వాచ్‌మన్.

జేబులో కార్డు లేదు. ఫోను లేదు. తాళంచెవీ లేదు. లాగుతూ తడుముకుంటేనే కదా గుర్తొచ్చేది! మూడూ లోపల బల్లమీదే ఉండిపోయాయి.

నర్సమ్మగారు ఆయన భార్యకు ఫోన్ చేసి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టింది. "అమ్మాయ్, మీ ఆయన్నంటూ ఒకడు దొరికాడు."

"తాళం లాగాడా పిన్నిగారూ?"

"లేదు."

"అయితే మా ఆయన కాదు. నేనొచ్చేదాకా వదలకండి!" అని కిసుక్కున నవ్వి పెట్టేసింది.

"పోనీ నాయనా, పైకెళ్లి ఓ మూడు లాగులు లాగు. గుర్తుపట్టేస్తాం. నా మాత్రకి వేళ మించిపోతోంది," అంది నర్సమ్మగారు.

"చచ్చినా లాగను! ఈ ఇంట్లో పదకొండేళ్లుగా ఉంటున్నది నేనా, ఆ తాళమా?"

అని మెట్టుమీద చతికిలబడ్డాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు గంటసేపు కదల్లేదు. నాలుగంతస్తుల జనం దిగొచ్చి బతిమాలారు. పైకి మొండికేశాడే కానీ, లోపల ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. రోజూ పలకరించే మనుషులకు తనకంటే తన తాళమే బాగా తెలుసు.

సగంపూట సెలవు పెట్టి వచ్చిన భార్య ఆ మొహం చూసి నవ్వు మింగేసింది. "మా ఆయనేనండీ. నేనే ఓడిపోయాను. ఇక ఆ పేరు ఎత్తను."

వాచ్‌మన్ కాలర్ వదిలి సెల్యూట్ కొట్టాడు. ఆయన చొక్కా సర్దుకుని, గెలిచినవాడి నడకతో ముందు మెట్లెక్కాడు. జనం వెంట నడిచారు. భార్య తన తాళంచెవి తీసి, తాళాన్ని ఇలా పట్టుకుందో లేదో, అది ఊడి చేతిలోకొచ్చింది. పొద్దుట సరిగ్గా పడనేలేదు. ఒక్కసారి లాగి ఉంటే కార్డూ, ఫోనూ, తాళంచెవీ అప్పుడే చేతికొచ్చేవి. అందరూ ఆయనవైపు చూశారు.

ఆయన తల ఎగరేశాడు. "చూశారా? మూడుసార్లు దండగ. ఒక్కసారి చాలని పదకొండేళ్లలో నాకెవరైనా చెప్పారా?"

భార్య మాట తప్పలేదు, 'మూడుసార్లాయన' అన్న పేరు ఆ రోజుతో పోయింది. ఇప్పుడు ఆయన్ని అందరూ 'లాగనాయన' అంటున్నారు.