నడుము గుండీ సంగ్రామము

సూర్యుడింకను కన్నులు నులుముకొనుచుండగా, వంటింట కుక్కరు తొలికూతతో శంఖారావము సేయగా, మొదటి బస్సు డిపో విడుచుటకింకను గంట వ్యవధి యుండగా, మూడవ అంతస్తులోని ఇరుకు పడకగదిలో, అద్దము ముందర, దారుణ సంగ్రామమొకటి మొదలయ్యెను.

ఒక వంక, ధూమపాన మహారాక్షసిని మట్టుబెట్టి, లైటరును చెత్తబుట్ట పాలుచేసిన బస్సు డ్రైవరు, ఆ యింటి పెద్దకొడుకు. వేరొక వంక, అతని యూనిఫాం ప్యాంటు గుండీ. నడుమ, పూర్ణచంద్రబింబసన్నిభమైన పొట్ట.

తలుపు చాటున వీరమాత గుండె నీరయ్యెను. ఏలయన, ఆ పొట్టకు మూలకారణమామెయే. సిగరెట్టు పెట్టె విడిచిన జేబు ఊరకుండిన మరల పొగను పిలుచునేమోయని జడిసి, నిత్యము దానిని వేయించిన వేరుశనగలతో నింపినదామె. పొట్ట పెరుగుట తెలిసిన పొగ మానుట దండుగని తలచునేమోయని మరింత జడిసి, కొడుకు స్నానమాడు వేళ గుండీని అంచువైపు జరిపి కుట్టినదియు ఆమెయే. రెండుమార్లు జరిపెను. ఇక జరుపుటకు గుడ్డ లేదు.

"సిగరెట్లు తాగే రోజుల్లో దీన్ని ఒంటిచేత్తో పెట్టేవాణ్ణమ్మా," అనెను కొడుకు.

ఆ పలుకు పిడుగై తాకినంతనే, వీధి మొగలోని దుకాణము, పొగ, దగ్గు, ఆసుపత్రి మంచము, ఆపైన తలపరానిదంతయు ఆమె కన్నులకు వరుసగట్టెను. అంతట ఆ తల్లి కొంగు బిగించి, గుండీ వంక చూచి యిట్లు గర్జించెను: "ఓరీ చతూరంధ్రాధమా, గోరంత లేని నీవు నా బిడ్డ ఊపిరికే అడ్డువత్తువా?"

"ఎవరితో అత్తయ్యా?" అనెను వంటింటినుండి వచ్చిన కోడలు.

కొడుకు గుడ్డపైని పాత సూది గుర్తులు తడిమెను. "ఈ గుండీ రెండిళ్ళు మారిందేంటమ్మా?"

"ఉతుకులో జరిగుంటుందిరా," అనెను ఆ సత్యసంధురాలు.

"జేబులో వేరుశనగలు కూడా ఉతుకులోనే మొలిచాయేమో," అనెను కోడలు.

కొడుకు మంచముపై వెల్లకిల పడి, పొట్టను లోనికీడ్చి, ఊపిరి బిగబట్టెను. గుండీ కదలెను, కాజాను సమీపించెను, ఆగెను. ఊపిరి మాత్రము బిగబట్టియే యుండెను. పూర్వమైనచో ఈపాటికి దగ్గు తెర వచ్చి ఇరుగుపొరుగును లేపెడిది. ఇప్పుడు దగ్గు లేదు, చప్పుడు లేదు.

"ఒరేయ్, ఉన్నావా?" అని తల్లి వాని ముక్కుకడ వేలు పెట్టబోవునంతలో, టక్కుమని గుండీ కాజాలో దూరెను.

"ఉన్నానే," అనెను వాడు. ఊపిరి విడిచి, "దగ్గే రాలేదమ్మా," అనెను. "ఇక తాగన్లే. రేపట్నుంచి కీరా ముక్కలు పెట్టు."

"జేబు తడుస్తుంది కదరా, జలుబు చేస్తే?"

"డబ్బాలో పెట్టమ్మా."

వంగినచో గుండీ ఎగురునని, వీరమాత నేల కూర్చుండి స్వహస్తములతో కొడుకు బూటు లేసులు కట్టెను. ఎల్ల లోకములు వినుగాక: ఆ ఉదయమున పొగ ఓడెను, దగ్గు ఓడెను, గుండీ నిలిచెను.

"మెట్లు దిగేటప్పుడు మాత్రం తుమ్మకు నాయనా," అనెను విజేత.