మెట్ల కింద ఇరవై డిగ్రీలు

ప్రపంచంలో భూకబ్జాలు రెండే రకాలు. ఒకటి రౌడీలను పంపి చేసేది, రెండోది ఫారం నింపించుకుని చేసేది. మొదటి రకంలో కనీసం నాలుగు దెబ్బలు తగులుతాయి, ఆస్పత్రిలో చీటీ అయినా ఇస్తారు. రెండో రకంలో అదీ ఉండదు. కెనడాలోని హామిల్టన్ నగరంలో మూడు బెడ్‌రూముల ఇంటి యజమాని, రిటైర్డ్ ఇంజనీరు, నా స్థలాన్ని నా చేతి రాతతోనే కాజేసిన పెద్దమనిషి కోదండరామ్ గారి మీద ఈ ఫిర్యాదు. ఎవరికి ఇవ్వాలో తెలియక మీకు ఇస్తున్నాను.

నా పేరు వీర్రాజు. వయసు నలభై తొమ్మిది. చదువు పదో తరగతి, లెక్కల పేపరు దాకా. ఇక్కడ ఒక రెస్టారెంటులో తందూరీ పొయ్యి ముందు రోజుకు పది గంటలు నిలబడతాను. కోదండరామ్ గారి బేస్‌మెంటులో 2019 నుంచి అద్దెకుంటున్నాను. అప్పట్లో ఆ ఇంట్లో మొత్తం నలుగురం. తర్వాత విమానాల నిండా పిల్లలు దిగడం మొదలైంది. 2022 చివరికి హామిల్టన్‌లో కాలేజీ సీటు తేలిగ్గా, అద్దె గది కష్టంగా దొరికే పరిస్థితి వచ్చింది. మా ఇంటి జనాభా పదకొండుకు చేరింది. (బాత్‌రూములు రెండే. వాటి మీద వేరే గ్రంథం రాయాలి.)

నా స్థలం సంగతి చెప్తాను. బేస్‌మెంటులో మెట్ల కింద, ఇల్లంతటికీ వేడిగాలి పంపే ఫర్నేస్‌ను ఆనుకుని, నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు జాగా ఉంది. వాకిట్లో కార్లు పెట్టే చోట మంచు నేను ఎత్తిపోస్తాను, బదులుగా ఆ జాగా నాది. ఇది 2019 డిసెంబరులో కుదిరిన నోటిమాట ఒప్పందం. "అది మీదే అనుకోండి వీర్రాజు గారూ, నా కంఠంలో ప్రాణం ఉన్నంతవరకు ఎవరూ అడగరు" అన్నారు కోదండరామ్ గారు. (ఆయన ప్రాణం ఇప్పటికీ భేషుగ్గా ఉంది.)

ఆ జాగాలో నేను బీరు పెట్టేవాణ్ణి. కిట్ అని అమ్ముతారు. డబ్బాలో నల్లబెల్లం పాకంలాంటి మాల్ట్, మూత కింద చిన్న ఈస్ట్ పొట్లం ఉంటాయి. పాకాన్ని, పంచదారను వేడినీళ్ళలో కలిపి, బకెట్‌లో పోసి, ఇరవై మూడు లీటర్లయ్యేదాకా చన్నీళ్ళు పోసి, ఈస్ట్ చల్లి మూత బిగించాలి. మూత మీది చిన్న గొట్టంలోంచి గుబుక్ గుబుక్‌మని బుడగలు వస్తాయి. పద్నాలుగు రోజుల్లో బుడగలు ఆగుతాయి, సీసాల్లో పోసుకోవచ్చు. పదో తరగతి తప్పినవాడు కూడా చేయగలిగేలా డబ్బా మీద బొమ్మలు వేసి ఉంటాయి. కాకపోతే ఇరవై డిగ్రీల వెచ్చదనం కావాలి.

మా ఇంట్లో పద్దెనిమిదే ఉంటుంది. గోడ మీది థర్మోస్టాట్‌కు కోదండరామ్ గారు ప్లాస్టిక్ పెట్టె బిగించి తాళం వేశారు. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంటుందని అద్దెవాళ్ళ నమ్మకం. (చూసినవాళ్ళు లేరు.) ఇరవై డిగ్రీలున్న చోటు ఇంటి మొత్తానికి ఒక్కటే. అది నా చేతిలో ఉంది. సుఖంగా ఉన్నాను.

జనవరిలో మధుమిత కిందికి వచ్చింది. వరంగల్ పిల్ల, పై గదిలో మరో ముగ్గురితో ఉంటుంది. చేతిలో స్టీలు గిన్నె.

"అంకుల్, జర మీ బకెట్ పక్కన మా ఇడ్లీ పిండి పెట్టుకోవచ్చా? మూడు రోజులైంది, అస్సలు పొంగుతలేదు."

"ఓవెన్‌లో లైటు వేసి పెడతారుగా అందరూ?"

"ఓనర్ అంకులే వద్దన్నరు. కరెంటు బిల్లంట."

"పెట్టుకో తల్లీ" అన్నాను. నా పతనం ఈ రెండు మాటలతో మొదలైంది. మర్నాడు పై గదుల్లో ఉండే మరో స్టూడెంటు రేవంత్ పెరుగు తెచ్చాడు. వారం తిరిగేసరికి నా బకెట్ చుట్టూ ఆరు గిన్నెలు చేరాయి. ఎనిమిదో రోజున మధుమిత పిండి పొంగి, పొర్లి, రేవంత్ పెరుగులో పడింది.

"నా పెరుగులో నీ పిండేంటి?"

"నీ పెరుగును నా పిండి కింద పెట్టమని ఎవరు చెప్పిన్రు?"

అరుపులు విని కోదండరామ్ గారు దిగివచ్చారు. గిన్నెలను, బకెట్‌ను, మమ్మల్ని అదే వరుసలో పరిశీలించారు. "సిస్టం లేకపోతే ఇలాగే ఉంటుంది" అన్నారు.

మూడు రోజుల్లో సిస్టం వచ్చింది. పేరు 'గృహ వెచ్చదన కేటాయింపు విధానం'. పదకొండు పేజీలు. అమలు అధికారిగా రేవంత్ నియమితుడయ్యాడు. అతను కాలేజీలో సప్లై చైన్ చదువుతున్నాడు కాబట్టి. (అధికారి పెరుగును పరీక్ష నుంచి మినహాయించారు.) ఇకపై మెట్ల కింద పెట్టే ప్రతి పదార్థమూ, కెనడా వీసాకు మనుషులు చేసినట్టే, అప్లై చేసి, పాయింట్లు తెచ్చుకుని, కటాఫ్ దాటాలి.

వయసుకు పాయింట్లున్నాయి. ఒక్క పూటలో తోడుకునే పెరుగుకు నూటపది, రాత్రికి రాత్రి పొంగే పిండికి తొంభై. పద్నాలుగు రోజులు పట్టే బీరుకు వయసు మీరినందున సున్నా. కెనడా అనుభవానికి పాయింట్లున్నాయి. మధుమిత పిండిలో మినప్పప్పు ఇండియాది, నీళ్ళు కెనడావి, అందుకని సగం ఇచ్చారు. నా మాల్ట్ డబ్బా వేరే దేశంలో తయారైంది, నా నీళ్ళు లెక్కలోకి రావన్నారు. చదువు పాయింట్లు పదార్థం తాలూకు మనిషిని బట్టి.

"ఈస్ట్‌కీ నా పదో తరగతికీ సంబంధం ఏంటయ్యా?" అన్నాను.

"స్పాన్సర్ మీరే కదా అంకుల్" అన్నాడు రేవంత్, కంప్యూటర్‌లోంచి తలెత్తకుండా.

మరో దారి కూడా ఉందన్నాడు. ఈ స్థలానికి ఇంట్లో స్థానికంగా తగిన పిండి గానీ పెరుగు గానీ దొరకడం లేదని నాలుగు వారాలు ఫ్రిజ్ మీద ప్రకటన అంటించాలి. ఎవరూ రాకపోతే అప్పుడు బీరుకు అవకాశం.

"పద్నాలుగు రోజుల సరుక్కి నాలుగు వారాల ప్రకటనా?"

"రూల్ అంకుల్. ఈలోగా బకెట్ మీ రూమ్‌లో పెట్టుకోండి. స్టేటస్ పోదు."

నా గది కిటికీ సందుల్లోంచి గాలి కొడుతుంది, పదహారు డిగ్రీలు. రెండో రోజుకే బుడగలు ఆగిపోయాయి. నా రగ్గు బకెట్‌కు చుట్టి, నేను జాకెట్ వేసుకుని పడుకున్నాను. అరగంటకొక బుడగ వచ్చేది. నేను మాత్రం దగ్గేవాణ్ణి.

ఫ్రిజ్ మీద ప్రకటన అంటించాను. అప్లికేషన్ కూడా నింపాను. అందులో ఏడో భాగం ఇలా ఉంది: 'సదరు స్థలాన్ని, అది ప్రాణమున్న పదార్థానికి ఎందుకు అనువైనదో, మీ సొంత మాటల్లో వివరించండి.' నా జన్మలో ఏ ఫారమూ నా సొంత మాటలు అడగలేదు. కాలమ్ చాలక విడి కాగితాలు జోడించి రెండు పేజీలు రాశాను. మధుమిత కూర్చుని దాన్ని ఇంగ్లీషులో టైప్ చేసింది. "అన్ని కాలాల్లోనూ ఇరవై డిగ్రీలు. ఈదురుగాలి సోకదు. తేమ లేదు. చీకటి, ప్రశాంతత. ఫర్నేస్ చప్పుడు జోలపాటలా ఉంటుంది. ప్రాణమున్నది ఏదైనా ఇక్కడ పద్నాలుగు రోజుల్లో పైకి వస్తుంది, నాదీ పూచీ" అని రాశాను.

"అంకుల్, ఇట్ల రాస్తే నాకే ఆడ ఉండబుద్ధయితాంది" అంది ఆ పిల్ల.

పొంగిపోయి సంతకం పెట్టాను.

తర్వాత తనిఖీలు మొదలయ్యాయి. కోదండరామ్ గారు మందు ముట్టరు. తనిఖీ మాత్రం చేస్తారు. వారానికోసారి సొంత స్టీలు గ్లాసుతో వచ్చి, బకెట్ అడుగున ఉన్న కుళాయి తిప్పి, నిలబడి తాగి, "ఇంకా పరిశీలనలో ఉంది" అని వెళ్ళేవారు. మూడో వారానికి రెండు గ్లాసులు తెచ్చారు. ఒకటి ఒరిజినల్, ఒకటి కాపీ.

ఇరవై తొమ్మిదో రోజున రేవంత్ నా గది తలుపు కొట్టి కంగ్రాట్స్ చెప్పాడు. సూత్రప్రాయంగా ఆమోదం వచ్చిందట. రగ్గు విప్పి, బకెట్ రెండు చేతులతో ఎత్తుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాను.

మెట్ల కింద పరుపు ఉంది. పరుపు మీద ఒక కుర్రాడు, వాడి పక్కన రెండు సూట్‌కేసులు, పచ్చళ్ళ వాసన. పేరు సాకేత్, వయసు ఇరవై రెండు, పొద్దున్నే విమానం దిగాడు. మనిషి ఐదడుగుల తొమ్మిదంగుళాలు, జాగా నాలుగడుగులే. మిగతా అడుగూ తొమ్మిదంగుళాలు కామన్ ఏరియాలోకి వస్తాయని అగ్రిమెంటులో రాసుకున్నారట.

"నమస్తే అంకుల్! చాలా వెచ్చగా ఉంది. డిస్క్రిప్షన్ మీరే రాశారంటగా? ఇండియాలో చదివి మా అమ్మ ఏడ్చేసింది అంకుల్. వెంటనే అడ్వాన్స్ కట్టేశాం."

వాడి ఫోన్‌లో చూపించాడు. హామిల్టన్ తెలుగు స్టూడెంట్ల గ్రూపులో అద్దె ప్రకటన. నా ఏడో భాగం, అక్షరం పొల్లుపోలేదు. చివర్లో నా పూచీ కూడా ఉంది.

బకెట్‌తోనే పైకెళ్ళాను. కోదండరామ్ గారు టీ తాగుతున్నారు.

"మెట్ల కింద మనిషిని పెడతారా సార్?"

"కూర్చోండి వీర్రాజు గారూ. వయసుకి ఫుల్ పాయింట్లు, బీటెక్, ఇంగ్లీషు ఫస్ట్‌క్లాస్. కటాఫ్ ఎప్పుడో దాటేశాడు."

"అది బీరు కోసం రాసిందండీ!"

"ప్రాణమున్నది ఏదైనా అని రాశారుగా? కింద సంతకం మీదే." కాగితం నా వైపు తిప్పి చూపించారు. "ఆ బకెట్‌ది ఆమోదం అలాగే ఉంటుంది లెండి. జాగా ఖాళీ అయినప్పుడు మొదటి నంబరు మీదే." తర్వాత జేబులోంచి స్టీలు గ్లాసు తీసి, కుళాయి తిప్పి, ఒక గుక్క వేసి మొహం చిట్లించారు. "పులిసిపోయింది. రిజెక్ట్."

బకెట్‌ను పెరట్లో పారబోశాను. ఆ కుర్రాడు మాత్రం నేను రాసినట్టే పద్నాలుగు రోజుల్లో పైకి వచ్చాడు. పైన కుర్రాళ్ళ గదిలో ఐదోవాడిగా చోటు దొరికింది. నా నంబరు కదలలేదు. ఈలోగా ఇంకో విమానం దిగింది.

మంచు ఎత్తే పని నోటిమాట ఒప్పందం ప్రకారం యథాతథంగా నాదేనని, ఈ విషయంలో ఏ మార్పూ లేదని కోదండరామ్ గారు మా ఇంటి గ్రూపులో తెలియజేశారు. అది ఆరు వందల నలభై చదరపు అడుగులు.

పోయిన ఆస్తి వివరం: తూర్పున ఫర్నేస్, పడమట వాషింగ్ మెషిన్, ఉత్తరాన గోడ, దక్షిణాన సాకేత్ తర్వాత దిగినవాడి కాళ్ళు. ఈ హద్దుల మధ్య గల మెట్ల కింద జాగా, పన్నెండు చదరపు అడుగులు.