ట్యాంకు కింద పెళ్ళిరోజు

నవ్వనంటేనే చెబుతాను.

నేను బొమ్మ ట్యాంకులు చేస్తానని మీకు తెలుసు కదా. డబ్బాలో వచ్చిన ముక్కలు అతికించే రకం కాదు. కొలతలు తీసి, బొమ్మ గీసి, మొదటినుంచీ నేనే చేసుకునే రకం. ఈసారి రెండో ప్రపంచ యుద్ధంనాటి షెర్మన్ ట్యాంకు మీద పడ్డాను. పుస్తకాలన్నీ తిరగేశాను. అన్నింట్లోనూ పెళ్ళికూతురికి తీసినట్టు ముందునుంచి తీసిన ఫోటోలే! పొట్ట కిందా, లోపలా ఎలా ఉంటుందో ఒక్కడూ చూపించలేదు.

తప్పు చేస్తే మా బొమ్మల క్లబ్బులో రోలండ్ ఊరుకోడు. బొమ్మ మీది మేకులు కూడా లెక్కపెట్టే మనిషి. కిందటిసారి నా ట్యాంకు చేతిలోకి తీసుకుని, "బాగుంది ఓరెస్ట్, ట్రాక్టరేనా?" అన్నాడు, అందరిముందూ.

అప్పటినుంచి నాకు కుదురు లేదు. సూపులో చెంచా తిప్పుతూ కూడా చక్రాలు లెక్కపెట్టుకునేవాణ్ణి.

కెనడాలో మేముండే సస్కచెవాన్‌లోనే, మా వదినగారి ఊరి పార్కులో, అసలు షెర్మన్ ఒకటుంది. మా ఆవిడ లూబాతో మెల్లగా అన్నాను: "పెళ్ళిరోజుకి మీ అక్కను చూసొద్దామా?"

"మా అక్కంటే నీకు పడదుగా?"

"మనసు మారింది."

"డాక్టరుకి చూపించుకో," అంటూనే బయల్దేరింది.

ఊళ్ళోకి రాగానే కాళ్ళు పట్టేశాయని పార్కు దగ్గర కారు ఆపాను. "అరె, ఇక్కడ ట్యాంకుందే!"

"అరె, నీ జేబులో నా కుట్టుపని టేపుందే!" అంది లూబా.

ఇక దాచేదేముంది? ట్యాంకు కిందికి దూరాను. మంచు కరిగి అంతా బురద. సగం దూరం పాకేసరికి కోటు దేనికో తగులుకుంది. ముందుకూ పోను, వెనక్కీ రాను.

"లూబా! లాగు!"

లూబా ఎవరితోనో మాట్లాడుతోంది. పార్కు చూసుకునే ఆవిడట. ట్యాంకులోకి దిగే మూతకి నూనె వెయ్యడానికి వచ్చిందట. తెరిచి చూపించమని పార్కువాళ్ళకి నేనెన్ని ఉత్తరాలు రాసినా తెరవని మూత!

"లోపల చూస్తారా?" అందావిడ.

"చూడకేం!" అంది నా భార్య.

నా నెత్తిమీద ఇనుము కిర్రుమంది. తర్వాత అడుగుల చప్పుడు.

"అబ్బ, ఎన్ని మీటలో!"

"ఎక్కడున్నాయి? ఏ రంగు?" అని కిందనుంచి అరిచాను.

"ముద్దుగా ఉన్నాయి!"

చివరికి ఇద్దరూ చెరో కాలు పట్టి నన్ను ఈడ్చారు. కోటు అక్కడే ఉండిపోయింది. అప్పటికే మూతకి తాళం పడింది. ఆవిడకి వేరే పనుందట.

"ఫోటోలు తీశావా?" అన్నాను బురద ఉమ్ముతూ.

"బోలెడు."

"ఏదీ, చూపించు!"

"మన వంటింటికి రంగు వేసి చూద్దువుగాని."

వంటిల్లొక్కటే అనుకున్నాను. వంటింటి తర్వాత వసారా వచ్చింది. వసారా తర్వాత వాళ్ళ అక్క ఇంటి కంచె వచ్చింది. మెడ పట్టేసినా నోరెత్తకుండా వేశాను. ఆఖరికి లూబా ఫోను నా చేతిలో పెట్టింది. ఒక్కో ఫోటో జరిపాను.

ప్రతి ఫోటోలోనూ లూబాయే. తెరనిండా నవ్వు మొహం. ఒకదాంట్లో చెవి వెనకనుంచి ఏదో మీట కొస తొంగిచూస్తోంది.

"ఇదేంటి?" అన్నాను నీరసంగా.

"బాగా పడ్డాను కదూ?" అంది.

డ్రైవరు సీటు ఎంత వెడల్పో నాకిప్పటికీ తెలియదు. లూబా చెవి కొలత మాత్రం నూలుపోగు తేడా లేకుండా చెప్పగలను.