మీకు అతి దగ్గరలో లుంగ్ ప్రయూన్

పక్కింటివాడితో మనిషికి ఇక పనిలేదు! ఈ మాట బాధతో అంటున్నానని అనుకోకండి. ప్లాస్టిక్ సంచీలో పోసిచ్చిన చల్లని కాఫీని స్ట్రాతో పీల్చుకుంటూ, పూర్తి ఆరోగ్యంతో, పరమానందంగా అంటున్నాను.

ఇన్నాళ్లూ మనం ఎంత మొరటుగా బతికాం! ఏసీ పాడైతే మా సందులో ఏం చేసేవాళ్లం? కిటికీలోంచి తల బయటపెట్టి "లుంగ్ ప్రయూన్!" అని అరిచేవాళ్లం. లుంగ్ అంటే పెదనాన్న వరస. కుక్కలు తప్ప సందులో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. మా ఎదురిల్లే ఆయన ఇల్లు, కింద ఏసీ రిపేరు కొట్టు. కేక వినగానే చెప్పులీడ్చుకుంటూ వచ్చేవాడు. స్క్రూలు విప్పి, బిగించి, మా ఆవిడ పెట్టిన మామిడిపండూ జిగురన్నమూ తిని, సాయంత్రం నాతో ఓ ఆట ఆడి వెళ్లేవాడు. గళ్ల పలక మీద సీసా మూతలు పేర్చి, ఒకరి మూతను ఒకరు దూకి తినే ఆట. నేను ఏళ్ల తరబడి ఓడిపోతూ వచ్చాను. ఇందులో టెక్నాలజీ ఏదండీ? సైన్సు ఏదండీ?

ఆ లోటు ఆయన కూతురు ప్లా తీర్చింది. "దగ్గరలో ఏసీ మెకానిక్" అని ఫోన్లో ఎవరు వెతికినా, వాళ్లున్న పేటను పసిగట్టి, "మీ పేటలో నంబర్ వన్!" అంటూ తండ్రి పేరు చూపించే ఆటోమేటిక్ ప్రకటన పెట్టింది. ఏ పేటలో చూపించాలో, ఏ పేటలో మానాలో మనిషి చెప్పనక్కర్లేదు. యంత్రమే నేర్చుకుంటుంది! ఊరికి ఓ చివర బాంగ్ నాలో వెతికితే బాంగ్ నా నంబర్ వన్. ఇంకో చివర రంగ్‌సిత్‌లో వెతికితే రంగ్‌సిత్ నంబర్ వన్. పడవలో కూర్చుని వెతికినవాడికి నదిలో నంబర్ వన్. గుడి వెనక ట్రాఫిక్‌లో చిక్కుకున్న ఒకాయనకు "దహనశాల పరిసరాల్లో నమ్మకమైన చల్లదనం" అని కనిపించిందట. బతికుండగానే ఇంత దూరం పాకిన కీర్తి మరెవరికుంది?

ఒక్క చిక్కు వచ్చింది. మా సందులోంచి ఒక్కరూ ఆ ప్రకటన నొక్కలేదు. ఎదురుగా బనీనుతో నిలబడ్డ మనిషిని ఫోన్లో ఎవరు వెతుకుతారు? యంత్రం మాత్రం, ఈ సందువాళ్లకు చెమట పట్టదని తీర్మానించుకుంది.

ప్లా పరుగెత్తుకొచ్చింది. "మన సందుని యంత్రం లెక్కలోంచి తీసేసేలా ఉంది మాస్టారూ. అందరూ ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారే నొక్కండి. నొక్కినప్పుడల్లా మా డబ్బు కోస్తారు."

మా వాళ్ల ప్రేమ ఆమెకింకా తెలియదు. యాయ్ చమ్ అని మా సందు అందరికీ అవ్వ. పొద్దున్నే భిక్షువుల పాత్రలో అన్నం పెట్టగానే, అదే పుణ్యంలో కలుస్తుందని, వంగిన వేలితో టకటకా నొక్కింది. సందు మొదట్లో మోటార్‌సైకిల్ టాక్సీ కుర్రాళ్లు బేరానికీ బేరానికీ మధ్య నొక్కారు. నేను టీవీలో ప్రకటన వచ్చినప్పుడల్లా ఈ ప్రకటన నొక్కాను. టిఫిన్ల వేళకే ప్లా ఆ రోజుకని కట్టిన డబ్బంతా ఆవిరి! ఇదేదో దొంగల సందని యంత్రం మమ్మల్ని శాశ్వతంగా వెలివేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

"ఒక్కసారే అన్నాను కదా అవ్వా!" అని ప్లా నెత్తి కొట్టుకుంది.

"ఒక్కసారి మొక్కితే మందిరంలో సామే పలకడు, నీ ఫోను పలుకుతుందటే పిచ్చిమొహమా?" అంది యాయ్ చమ్.

అప్పట్నుంచీ మా లుంగ్ ప్రయూన్ ఊరందరికీ అతి దగ్గరివాడయ్యాడు, మా సందుకు తప్ప. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన పెద్దలు ఊరికే అనేసి ఊరుకున్నారు. యంత్రం దాన్ని అమలు చేసి చూపించింది! నేను పలక పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన బండి స్టార్టు చేస్తుండేవాడు.

"రంగ్‌సిత్ పిలుస్తోంది మాస్టారూ! వెంటనే కదలకపోతే నా నంబర్ వన్ ఊడుతుంది!"

"మరి సగంలో ఆగిన మన ఆట?"

"మూతలు కదిపారంటే ఊరుకోను!"

కదపలేదు. జీవితంలో మొదటిసారి గెలుపు నా చేతికందిన ఆట అది. ఈగలు వాలకుండా అన్నం మీద బోర్లించే బుట్టను ఆ పలక మీద బోర్లించాను. సోంగ్‌క్రాన్ నీళ్ల పండగ వచ్చింది, వెళ్లింది. బుట్ట తీసినవాడు లేడు.

పండగ తర్వాతి ఎండల్లో మా ఏసీ ప్రాణం విడిచింది. ఎదురు కొట్టుకు తాళం. ఫోన్లో వెతికితే "మీ సందులో నంబర్ వన్!" అంటూ ఒక కుర్రవాడు తేలాడు. పొద్దున పిలిస్తే మధ్యాహ్నం దాటాక, తడిసిన పిల్లిలా చెమటలు కారుతూ దిగాడు.

"ఎక్కణ్ణుంచి నాయనా?"

"రంగ్‌సిత్ నుంచి లుంగ్. వంతెన మీద ఇరుక్కుపోయాను. ఎదురు వరసలో ఇంకో ఏసీ బండి ముసలాయన కూడా ఇరుక్కుని, మా ఊరే వెళ్తున్నానన్నాడు. పాపం మంచాయన, నాకు మంచినీళ్లిచ్చాడు."

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే పూర్వం నవ్వేవాళ్లు. ఇప్పుడు దాన్ని అభివృద్ధి అంటారు. ఎవరి సందు ఏసీ వాళ్లే బాగుచేసుకుంటే పెట్రోలు బంకులేం కావాలి? అంత పెద్ద వంతెన ఎవరికోసం కట్టినట్టు?

ఇక ఉండబట్టలేక, ఒకరోజు పలకను మూతలతో సహా గుడ్డలో బిగించి, సంచీలో పెట్టుకుని బస్సెక్కి రంగ్‌సిత్ వెళ్లాను. పడవ నూడుల్స్ అంగడిలో పలక విప్పి బల్ల మీద పెట్టుకుని "దగ్గరలో ఏసీ మెకానిక్" అని వెతికాను. మొట్టమొదట ఆయనే! నొక్కాను. వచ్చాడు. చేతిలో పనిముట్ల పెట్టె, మొహమంతా ధూళి.

"మాస్టారూ! మీరా? ఏసీ ఎక్కడ?"

"ముందు కూర్చో."

ఆయన పలక వైపు తేరిపార చూశాడు. "ఈ మూత ఇక్కడ లేదే!"

"బస్సు కుదుపయ్యా."

"కుదుపు కూడా మీ పక్షమేనా?" అని పగలబడి నవ్వి, మూతను దాని గడిలో పెట్టి, ఫోను తీసి చొక్కా జేబులో కుక్కాడు. అది గింజుకుంటూనే ఉంది. ఆయన తీయలేదు. నేను ఓడిపోయాను. ఇంత సంతోషంగా ఎప్పుడూ ఓడిపోలేదు. ఈ మనిషి లేక నా సాయంత్రాలు ఎంత బోసిపోయాయో అప్పుడు తెలిసింది.

ఇంటికొస్తుంటే ఫోను అడిగింది, సేవ ఎలా ఉందని. ఉబ్బితబ్బిబ్బై అయిదు నక్షత్రాలూ వెలిగించి, "రంగ్‌సిత్‌లో ఇలాంటి మనిషి దొరకడం మా అదృష్టం" అని రాసేశాను.

మర్నాడు ప్లా కళ్లు మెరుస్తూ వచ్చింది. "కొట్టు రంగ్‌సిత్‌కి మార్చేస్తున్నాం మాస్టారూ! నాన్న నాన్చుతూ వచ్చాడు గానీ, నిన్న అక్కడ ఎవరో మహానుభావుడు రాసింది చూశాక నాకిక అనుమానం లేదు. ఇంటాయనకు చెప్పేశాం కూడా." ఆమె వెనక లుంగ్ ప్రయూన్ తన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు. పని వేళలో మూతలాట ఆడానని ఆయన చెప్పలేడు. ఆ మహానుభావుడు నేనేనని నేనూ చెప్పలేను.

అందుకని నేనూ మా ఆవిడా కూడా రంగ్‌సిత్‌కే మారిపోదామనుకుని, ఫోన్లో అద్దె ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. యంత్రం క్షణంలో నేనున్న చోటు పసిగట్టి, మొట్టమొదటి ఇల్లు చూపించింది. మా సందులోదే. మా ఎదురుగా, కింద కొట్టు, పైన కాపురం, వచ్చే నెల నుంచి ఖాళీ. మీకు అతి దగ్గరలో!