సెలవుల్లేని క్యాలెండరు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండర్రా. మా వీధిలో కనకరత్నం కూతురు హిమజ కాలేజీ మారినప్పుడు, తక్కువపడ్డ క్రెడిట్లను తల్లి బతుకులోంచి తీసి కలుపుకోవచ్చని యూనివర్సిటీ వారు అనుమతిచ్చారు. వింతేమీ కాదు, అడిగిన వారందరికీ ఇస్తున్నదే. పాత కాలేజీలో ఏడాదికి మూడు టర్ములు, కొత్తదాంట్లో రెండు సెమిస్టర్లు. అక్కడి మూడు క్రెడిట్లు ఇక్కడ రెండే అవుతాయి. ఆ కోతలో పిల్ల చదువు మూడోవంతు ఎటో పోయింది. శుక్రవారం సాయంత్రంలోగా పూడ్చకపోతే సీటు ఇంకొకరికి.

ఆ శుక్రవారమే తల్లీకూతుళ్లు బస్సెక్కారు. కనకరత్నం తన పాతికేళ్ల వంటిల్లంతా పోపు వాసనతో సహా తెచ్చి కౌంటరు మీద పెట్టింది. గుమాస్తా ప్రకాశరావు ఓపికగా తిరగేశాడు.

"పని బానే ఉందమ్మా. సెలవులేవీ?"

"సెలవులేంటి బాబూ?"

"టర్ముకీ టర్ముకీ మధ్య ఉండాలి కదా. లేకపోతే ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో మాకెలా తెలుస్తుంది? ఒక్కటి చూపించండి, మిగతాది నే సర్దుతా."

కనకరత్నం వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టింది. "దీన్ని కన్నప్పుడు పడుకున్నాను."

"అది ప్రాక్టికల్స్ కిందకొస్తుందండి."

పోనీ ఇప్పుడైనా ఓ సెలవు తీసుకోమని హిమజ తల్లిని బెంచీ మీద కూర్చోబెట్టింది. కాసేపటికే కనకరత్నం పక్కావిడ సంచిలోంచి చిక్కుడుకాయలు తీసి ఈనెలు తీయడం మొదలుపెట్టింది. అద్దం వెనకాల ప్రకాశరావు తల అడ్డంగా ఊపాడు.

"అమ్మా, కాయలు వదులు. నీ కాళ్లు పట్టుకుంటా."

"వదిలానే. చేతులే ఊరుకోవట్లేదు."

కౌంటరు మూసేవేళకు ఆయనకే జాలి కలిగింది. "మీ క్యాలెండరు మాదాంట్లోకి మారదమ్మా. అమ్మాయిని మీదాంట్లోకి మార్చడం మాత్రం తేలిక. ఒక్క క్రెడిట్టూ పోదు. పట్టా ఇంటికే వస్తుంది."

"ఫస్ట్ క్లాసేనాండీ?" అని హిమజ అడిగింది. అవునన్నాడు. సంతకం పెట్టేసింది.

పట్టా వచ్చింది, ఫస్ట్ క్లాసే. మర్నాడు తెల్లారకముందే హిమజ ఎవరూ లేపకుండా లేచి పొయ్యి వెలిగించింది. తండ్రి కాఫీ అందుకుని, పట్టాకు ఫ్రేము కట్టిద్దామన్నాడు. ఆవేళ ఏ వారమో పిల్లకు తెలియలేదు. ఇంట్లో ఎవరూ అడగనూ లేదు.

"కాసేపు కూర్చోవే," అంది కనకరత్నం.

"ఎలాగమ్మా?"

అది తల్లికీ తెలియదు. చిక్కుడుకాయల చేట ముందుకు లాక్కుంది.

దీన్ని మనసులో పెట్టుకోండర్రా. మీ ఇళ్లలో ఆడపిల్ల సంతకం పెట్టబోయేనాడు, పక్కన తల్లి ఉన్నా సరే, ఏ క్యాలెండరులోకి మారుతోందో చదివి చెప్పండి.